మీ వోటు ఏ వూళ్లోనమ్మా?

సంక్రాంతి వెళ్లిన వారం. మధ్యాహ్నం పూట డాబా మీద మిరపకాయలు ఎండబోసి కిందికి దిగుతుంటే గేటు చప్పుడైంది. వోటర్ల జాబితా సరిచూడ్డానికి వచ్చిందిట, అంగన్‌వాడీ అమ్మాయి. చంకలో కాగితాల కట్ట, మొహం నిండా చెమట. మంచినీళ్లిచ్చి అరుగు మీద కూర్చోమన్నాను. నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "మీ వోటు ఏ వూళ్లోనమ్మా?" అనడిగింది.

"అదేం ప్రశ్న తల్లీ! నా ఇంటి అరుగు మీదే కూచుని వూరేదని అడుగుతున్నావు?" అని నవ్వేశాను. నవ్వానే గానీ, మాట పూర్తయ్యేలోగా నాకే అనుమానం పట్టుకుంది. నిజమే, మాది ఏ వూరు?

మేం ఈ ఇంట్లో పాలు పొంగించింది 2006లో. అప్పుడిది బడంగ్‌పేట గ్రామం, సరూర్‌నగర్ మండలం, రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్. కొన్నాళ్లకి గ్రామపంచాయతీ పోయి నగర పంచాయతీ అయింది, 2014లో దానికి ఎన్నికలు కూడా జరిగాయి. అదే ఏడు జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 దసరాకి మండలం మారి బాలాపూర్ అయింది. 2019లో ఏకంగా మునిసిపల్ కార్పొరేషన్ అన్నారు. 2025 డిసెంబరులో ఆ కార్పొరేషన్ని తీసుకుపోయి గ్రేటర్ హైదరాబాదులో కలిపేశారు. ఇంత జరిగినా మా ప్రహరీ గోడ ఒక్క అంగుళం అటూ ఇటూ జరగలేదు. మా వారిది విజిటింగ్ కార్డులు అచ్చేయించుకునే ఉద్యోగం కాదు కనక బతికిపోయారు గానీ, లేకపోతే కార్డుల ఖర్చుకే జీతం చాలేది కాదు.

ఇవన్నీ కేవలం వూరి పేర్లు. వోటు సంగతి వేరు. దానికి వేరే పటం వుంది, ఆ పటం మీద వేరే గీతలున్నాయి. ఆ గీతలు రోడ్డు మీద కనపడవు.

మీరెప్పుడైనా మలక్‌పేట నుంచి మా ఇంటికి వస్తే గమనించండి. మహా అయితే పది, పన్నెండు కిలోమీటర్లు. మూసారాంబాగ్‌లో బయల్దేరినప్పుడు మీరు మలక్‌పేట అసెంబ్లీ, హైదరాబాదు పార్లమెంటు. మెట్రో స్తంభాల కింద నాలుగడుగులు వేసి దిల్‌సుఖ్‌నగర్, గడ్డిఅన్నారం చేరేసరికి ఎల్బీనగర్ అసెంబ్లీ, మల్కాజిగిరి పార్లమెంటు. కుడిచేతికి తిరిగి సరూర్‌నగర్‌లోకి వెళితే మహేశ్వరం అసెంబ్లీ, చేవెళ్ల పార్లమెంటు. పోనీ ఇంక అయిపోయిందనుకుంటారా? చెరువు దాటి కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దగ్గరికి రండి, మళ్లీ ఎల్బీనగర్! అక్కణ్నుంచి మీర్‌పేట దారి పడితే మళ్లీ మహేశ్వరం. షేర్ ఆటోలో ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్నమనిషి ముప్పావు గంటలో ముగ్గురు ఎంపీల రాజ్యాలు దాటేస్తుంది. ఆటోవాడికి తెలిస్తే సరిహద్దు సుంకం కూడా వసూలు చేసేవాడేమో.

ఈ చిక్కు ఎలా పడిందో చెప్పాలంటే పాత మలక్‌పేట దగ్గర మొదలుపెట్టాలి.

నేను కొత్త కోడలిగా మలక్‌పేటలో అడుగుపెట్టింది 1983లో. రెండు గదుల అద్దె వాటా, ఇంటివాళ్లతో కలిసి ఒకటే కుళాయి. చుట్టుపక్కల పేర్లు వింటే తమాషాగా వుండేది. మూసారాంబాగ్ అంటే ఎవరో మూసారాం గారి తోట కాబోలనుకున్నాను. తీరా చూస్తే ఆయన రాముడూ కాదు, మూసా కూడా కాదు. రెండో నిజాం దగ్గర సేనాపతిగా చేసిన ఫ్రెంచివాడు, మొస్యూ రేమాఁ. 1798లో పోయాడు. ఆయన సమాధి ఇప్పటికీ ఆ గుట్ట మీదే వుంది. మన జనం ఆ ఫ్రెంచి పేరుని నమిలి నమిలి మూసారాం చేసేశారు. దిల్‌సుఖ్‌నగర్ అనే పేరు దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనే జాగీర్దారుదని చెబుతారు, ఆయన తన పొలాల్ని ప్లాట్లు చేసి అమ్మాడట. సరూర్‌నగర్‌కి ఆ పేరు నిజాం దివాను అరస్తూ జా భార్య సరూర్ అఫ్జా పేరు మీద వచ్చిందని అంటారు. ఆ లెక్కన మా తూర్పు వైపు వూళ్ల పేర్లలో ఒక ఫ్రెంచివాడు, ఒక ప్లాట్ల జాగీర్దారు, ఒక ఇల్లాలు వున్నారు. ఎల్బీనగర్ మాత్రం మన కాలం నాటిదే, లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరు.

నేను వచ్చేనాటికి ఈ వైపు రాజకీయమంతా మలక్‌పేట నియోజకవర్గం పేరు మీదే నడిచేది. నగరంలో ఒక కాలు, పల్లెల్లో ఒక కాలు వేసుకు నిలబడ్డ నియోజకవర్గం అది. 1967లోనూ 1972లోనూ అక్కడ గెలిచింది ఒక మహిళ, సరోజినీ పుల్లారెడ్డి. అంతకుముందు ఆవిడ హైదరాబాదుకి మేయరుగా చేశారు. ఆడవాళ్లకి రాజకీయాలేమిటని మూతి విరిచే రోజుల్లో మాట. 1978లో జనతా గాలి మిగతా రాష్ట్రంలో పెద్దగా వీచకపోయినా మలక్‌పేట జనతా అభ్యర్థిని పంపింది. ఇక 1983 సంగతి మీకు తెలిసిందే. ఎన్టీ రామారావుగారి చైతన్యరథం తిరిగిన ప్రతిచోటా సైకిలే సైకిలు. అలాంటి ఏడు మలక్‌పేటవాళ్లు కమలం గుర్తు మీద నిలబడ్డ నల్లు ఇంద్రసేనారెడ్డిని గెలిపించారు. ఆ పార్టీ పుట్టి అప్పటికి మూడేళ్లు నిండలేదు. 1985లో మళ్లీ ఆయనే, 1999లో ఇంకోసారి ఆయనే. 2023లో త్రిపుర గవర్నరుగా వెళ్లారు. మధ్యలో 1994లో తెలుగుదేశం తరఫున గెలిచిన మల్‌రెడ్డి రంగారెడ్డి, 2004లో కాంగ్రెసు తరఫున గెలిచారు. చెప్పొచ్చేదేమిటంటే, మా తూర్పు వైపు వోటరు ఎవరి సొత్తూ కాదు. పక్కింటివాళ్లని చూసి కూర వండదు.

నా మొదటి వోటు 1985లో. అప్పటికింకా వోటు హక్కుకి 21 ఏళ్లు నిండాలి. 18కి దించింది 1989లో. పెళ్లై పిల్లని ఎత్తుకుని వెళ్లి మొదటి వోటు వేసిన తరం మాది.

అప్పటి మలక్‌పేట సరిహద్దులు 1971 జనాభా లెక్కల మీద గీసినవి. ఆ తరువాత దేశమంతటా నియోజకవర్గాల పునర్విభజనని ఆపేశారు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకి సీట్లు తగ్గి నష్టం జరక్కూడదని 1976లో రాజ్యాంగాన్ని సవరించారు. మంచి వుద్దేశమే. కానీ గీతలు ఆగాయి గానీ జనం ఆగలేదు. నల్లగొండ నుంచి, విజయవాడ రోడ్డు మీది వూళ్లన్నిటి నుంచి వచ్చే బస్సులు ముందుగా ఆగేది మా వైపే. ఉద్యోగాలకొచ్చినవాళ్లు, పిల్లల్ని కోచింగులకి తెచ్చినవాళ్లు, పొలం అమ్ముకొచ్చినవాళ్లు, బస్సు దిగిన చోటికి నడక దూరంలో ఇల్లు వెతుక్కునేవారు. చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురం నా కళ్లముందే నిండిపోయాయి. గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్టు నుంచి వేసవిలో వచ్చే మామిడిపళ్ల వాసన మెయిన్‌రోడ్డు దాకా కొట్టేది (ఇప్పుడా మార్కెట్టు అక్కడ లేదు, వూరవతల బాటసింగారానికి తరలిపోయింది). ఇంతమందీ అదే పాత నియోజకవర్గంలో కూరుకున్నారు. నలుగురికి కొన్న గిన్నెలో నలభైమందికి వండినట్టు.

1994లో మా వారు బడంగ్‌పేటలో రెండు వందల గజాల ప్లాటు కొన్నారు. కొన్నాక చెప్పారు, మగవాళ్లందరి అలవాటు ప్రకారం. చూడ్డానికి వెళ్తే ప్లాటెక్కడో చూపించలేకపోయారు. నాలుగు రాళ్లు, చుట్టూ తుమ్మచెట్లు, దూరంగా జొన్నచేను. "ఇక్కడ మనకి తోడు ఎవరుంటారండీ?" అంటే, "అందరూ మనలాగే అనుకుంటున్నారు. అందుకే ఈ రేటుకి వచ్చింది" అన్నారు.

అన్నట్టు, అదే 1994లో పక్కనున్న బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూకి మొదటిసారి వేలం పాట పెట్టారు. 450 రూపాయలకి పోయింది. ఆ లడ్డూ పొడి పొలంలో చల్లితే పంట బాగా పండుతుందని నమ్మకం. 2025లో అదే లడ్డూ 35 లక్షలు పలికింది. చరిత్ర పుస్తకాలు చదవక్కర్లేదు, మా ప్రాంతం భూముల కథంతా ఆ లడ్డూ రేట్లలో వుంది. ఒక్కటే ఇబ్బంది. ఇప్పుడు లడ్డూ పొడి చల్లుదామంటే పొలమేదీ?

2006లో ఇల్లు కట్టి దిగాం. దిగిన మరుసటి ఏడే, 2007 ఏప్రిల్లో, పన్నెండు మునిసిపాలిటీల్ని కలిపి గ్రేటర్ హైదరాబాదు చేశారు. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం అందులో కలిశాయి. మేం కలవలేదు. మా చెల్లెలు వనస్థలిపురంలో వుంటుంది, "ఏమే, ఇప్పుడు మేం సిటీ, మీరు పల్లెటూరు" అని ఫోనులో వెక్కిరించేది. దాని వీధికి కృష్ణా నీళ్లు, మాకు బోరు నీళ్లు. దానికి కార్పొరేటరు, మాకు సర్పంచి. రెండిళ్లకీ మధ్య పట్టుమని పది కిలోమీటర్లు లేదు.

ఆ వెంటనే వచ్చింది పునర్విభజన. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కల ప్రకారం కొత్త గీతలు గీసింది. 2009 ఎన్నికలు వాటి మీదే జరిగాయి. రంగారెడ్డి జిల్లాకి ఏకంగా 14 అసెంబ్లీ స్థానాలొచ్చాయి. మా పాత మలక్‌పేట చిక్కిపోయి, మూసీ వైపు నగర వాడలకి మాత్రం పరిమితమైంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా వున్న మెయిన్‌రోడ్డు కాలనీలన్నీ ఎల్బీనగర్ అనే కొత్త నియోజకవర్గమయ్యాయి. సరూర్‌నగర్, ఆర్కేపురం, మీర్‌పేట, బడంగ్‌పేట, జల్‌పల్లి, అక్కణ్నుంచి దక్షిణంగా తుక్కుగూడ, మహేశ్వరం, కందుకూరు పల్లెల దాకా కలిపి మహేశ్వరం అన్నారు. ఒక కొసన సూపర్ బజార్లూ, ఇంకో కొసన టమాటా తోటలూ. మధ్యలో పహాడీషరీఫ్ దర్గా, క్షిపణులు తయారుచేసే ఇమారత్ పరిశోధనా కేంద్రం. ఇంత కలగూరగంప ఇంకెక్కడా వుండదనుకుంటాను.

ఇంత మారుతున్నా మేం వోటు మార్చుకోలేదు. తప్పు మాదే. ఆ మాత్రం ఫారం నింపడానికి తీరిక లేదని రెండేళ్లు గడిపేశాం. 2009 ఏప్రిల్ 16, వోటు రోజు. పాత అద్దె ఇంటి చిరునామా మీద మలక్‌పేటలో మా వోట్లు. మా వారూ నేనూ స్కూటరు మీద బయల్దేరుతుంటే అత్తమ్మ తెల్లచీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అప్పటికావిడకి 78 ఏళ్లు.

"నేనొస్త."

"స్కూటరు మీద ముగ్గురెట్లా అత్తమ్మా? ఎండ మండిపోతోంది. అంత దూరం నువ్వు కూర్చోలేవు."

"దూరమెందుకు? గీ బడి కాడనే వేస్తున్నరు గద, పొద్దుగాల సంది జనం పోతనే వున్నరు."

"అది ఈ వూరివాళ్లకి. మన వోటు ఇక్కడ లేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నేనున్న వూర్ల నాకు ఓటు లేదా బిడ్డా?" అంది. ఇంకేం అనలేదు. లోపలికి పోయి చీర మార్చుకుంది. మేం మలక్‌పేట వెళ్లి క్యూలో నిలబడ్డాం. గోడల మీద వున్న అభ్యర్థుల బొమ్మల్లో మా బోరుతోనూ మా రోడ్డుతోనూ సంబంధం వున్నవాళ్లు ఒక్కరూ లేరు. వేలి మీద సిరా అయితే పడింది గానీ, ఎవరి ఇంట్లోనో భోంచేసి వచ్చినట్టుంది.

ఆవిడకి వోటు మీద అంత పట్టెందుకో తెలియాలంటే 1952కి వెళ్లాలి. అత్తమ్మది నల్లగొండ వైపు పల్లె. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు. అప్పుడు ఒక్కో అభ్యర్థికీ ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. "కాయితం మీద గీకుడు లేదు, ముద్ర లేదు. మన బొమ్మ డబ్బాల ఏసుడే" అనేది. ఆ ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి 3 లక్షల 9 వేలకి పైగా వోట్లొచ్చాయి. దేశం మొత్తంలో ఎవరికీ అన్ని రాలేదు, పండిట్ నెహ్రూకి కూడా. అందులో తన వోటుందో లేదో మాత్రం చివరిదాకా చెప్పలేదు. "ఎవరికేశావు అత్తమ్మా?" అంటే "నీకెందుకు?" అనేది.

దానికన్నా ముందు జరిగింది ఇంకోటుంది. జాబితా రాసేవాళ్లు వూళ్లోకి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చున్న మామగారి తల్లి, "మా కోడలు పేరెందుకు, ఫలానావాడి పెండ్లామని రాసుకోండి" అందిట. తలుపు చాటున వున్న అత్తమ్మ లోపల్నుంచే తన పేరు గట్టిగా అరిచి చెప్పిందిట. కొత్త కోడలు అంత గొంతెత్తినందుకు ఆ పూట ఇంట్లో పెద్ద రభస. కానీ పేరు రాసుకుపోయారు. అది చిన్న విషయం కాదు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్నారు. ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో. పేరు లేని వోటరు కుదరదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. ఆ 28 లక్షల పేర్లూ కొట్టేశారు.

మా అత్తమ్మ పేరు పెళ్లి శుభలేఖలో వుందో లేదో తెలియదు. ఇల్లు మామగారి పేర, పొలం మామగారి పేర, రేషన్ కార్డు మా వారి పేర. బంధువుల్లో ఆవిడ 'పెద్దమ్మ', వీధిలో 'మాస్టారి తల్లి'. ఆవిడ పేరు అచ్చులో వున్నది వోటర్ల జాబితా ఒక్కదాంట్లోనే. అలాంటి మనిషిని వోటు రోజున ఇంట్లో కూర్చోబెట్టి వెళ్లాను.

ఆ ఏడు వర్షాకాలంలోనే ఫారాలు తెచ్చి ముగ్గురి వోట్లూ బడంగ్‌పేటకి మార్పించాను. కార్డు కోసం ఆవిడ ఫొటో తీయించడానికి తీసుకెళ్తే ఎర్రంచు చీర కట్టుకుంది.

ఆ తరువాత మహేశ్వరం కథ. కొత్త నియోజకవర్గంలో 2009లో గెలిచింది సబితా ఇంద్రారెడ్డి. భర్త ఇంద్రారెడ్డి 2000లో రోడ్డు ప్రమాదంలో పోయాక చేవెళ్ల వుప ఎన్నికలో గెలిచి రాజకీయాల్లోకి వచ్చారు. పునర్విభజనలో చేవెళ్ల ఎస్సీలకి కేటాయించేసరికి మా వైపు వచ్చారు. అంటే ఆవిడనీ ఆ గీతే ఇటు తోసింది. గెలిచాక రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో హోంమంత్రి అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళకి పోలీసు శాఖ అప్పగించడం అదే మొదలు.

2014 ఏప్రిల్ 30న అత్తమ్మ తన వూళ్లో, నడిచిపోయేంత దూరంలో వోటేసింది. 83 ఏళ్ల మనిషి, నేను పట్టుకుంటానంటే చెయ్యి విదిలించుకుంది. వోటు వేసింది ఆంధ్రప్రదేశ్‌లో, గెలిచినాయన వెళ్లి కూర్చున్నది తెలంగాణ అసెంబ్లీలో! గెలిచింది తెలుగుదేశం నుంచి తీగల కృష్ణారెడ్డి, హైదరాబాదుకి మాజీ మేయరు. గెలిచిన కొన్నాళ్లకే ఆయన టీఆర్ఎస్‌లో చేరారు. పేపర్లో ఆ వార్త చదివి వినిపిస్తే అత్తమ్మ చాలాసేపు ఆలోచించింది.

"మనిషి పోతే పోయిండు, గా గుర్తుకేసిన ఓట్లేమైతయి? అవిగూడ పోతయా?"

ఏం చెప్పను? 2018లో అదే మళ్లీ జరిగింది, అయితే తిరగేసి. ఈసారి కాంగ్రెసు తరఫున సబితగారు తీగల మీద తొమ్మిది వేల పైచిలుకుతో గెలిచారు. కొన్ని నెలల్లో టీఆర్ఎస్‌లో చేరారు. 2019 సెప్టెంబరులో విద్యాశాఖ మంత్రి అయ్యారు. తెలంగాణ వచ్చి అయిదేళ్లు దాటాక మంత్రివర్గంలోకి వచ్చిన మొదటి ఇద్దరు మహిళల్లో ఆవిడొకరు, రెండోవారు సత్యవతి రాథోడ్. ఆ మాట విన్నప్పుడు సంతోషించాను, అబద్ధం చెప్పను. ఆ సంతోషంలోనే అత్తమ్మ అడిగిన ప్రశ్న కూడా గుర్తొచ్చింది. పక్కన ఎల్బీనగర్‌లోనూ ఇదే తంతు. 2018లో అక్కడ కాంగ్రెసు గుర్తు మీద గెలిచిన సుధీర్‌రెడ్డి కూడా అటే వెళ్లారు. 2014లో అక్కడ గెలిచిన ఆర్. కృష్ణయ్యని తెలుగుదేశం ముఖ్యమంత్రి అభ్యర్థిగా ప్రకటించింది. ఆ తరువాత ఆయన రాజ్యసభకి ఒకసారి వైఎస్సార్ కాంగ్రెసు తరఫున, ఇంకోసారి బీజేపీ తరఫున వెళ్లారు. మా ఇళ్లకి బోర్డులు మార్చినట్టే.

2023లో రాష్ట్రమంతా కాంగ్రెసు గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే, మా మహేశ్వరంలోనూ ఎల్బీనగర్‌లోనూ బీఆర్ఎస్ గెలిచింది. సబితగారికి 26 వేల పైచిలుకు ఆధిక్యం, రెండో స్థానంలో బీజేపీ. ఆర్నెల్లు తిరక్కుండా 2024లో చేవెళ్ల పార్లమెంటుకి బీజేపీ నుంచి కొండా విశ్వేశ్వరరెడ్డి, మల్కాజిగిరికి అదే పార్టీ నుంచి ఈటల రాజేందర్ గెలిచారు. 1983లో మలక్‌పేట చేసిన పనే ఇది. పక్కింటివాళ్లని చూసి కూర వండదని ముందే మనవి చేశాను.

పార్లమెంటు సంగతి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. మా చేవెళ్లలో హైటెక్ సిటీ వున్న శేరిలింగంపల్లీ వుంది, కందిపప్పుకి పేరుపడ్డ తాండూరూ వుంది. మా ఇంటి నుంచి తాండూరు వంద కిలోమీటర్ల పైమాటే. పోనీ చెల్లెలి మల్కాజిగిరి మెరుగా అంటే, 2019లో దేశంలోకెల్లా ఎక్కువమంది వోటర్లున్న నియోజకవర్గం అదే, 31 లక్షల పైన. అందులో ఒక్కత్తి నా చెల్లెలు. అయినా ఇప్పటికీ నన్ను పల్లెటూరనే అంటుంది. ఈ డిసెంబరుతో ఆ మాట అనడానికి లేకుండా పోయింది దానికి. నీళ్ల సంగతి ఇంకా చూడాలి.

కార్పొరేషన్ అయ్యాక 2020 జనవరిలో మొదటి ఎన్నిక. మొదటి మేయరు చిగిరింత పారిజాత నర్సింహారెడ్డి. ఆ ముచ్చట అయిదేళ్లే. కార్పొరేషనే లేకుండా పోయింది కనక ఆవిడే చివరి మేయరు కూడా. ఇప్పుడు మళ్లీ జనాభా లెక్కలంటున్నారు, ఆ తరువాత మళ్లీ కొత్త గీతలు. చట్టసభల్లో మూడో వంతు ఆడవాళ్లకివ్వాలని 2023లో చేసిన చట్టాన్ని కూడా ఆ లెక్కలకీ గీతలకీ ముడేశారు. ఈసారి మా ఇంటిని ఎటు నెడతారో!

ఇదంతా ఆ అంగన్‌వాడీ అమ్మాయికి చెప్పలేదు లెండి, ఆమెకింకా నలభై ఇళ్లున్నాయి. మా ఇద్దరి పేర్లూ సరిచూసుకుని టిక్కు పెట్టుకుంది. పెట్టుకుని, "ఇదే ఇంటి నంబరు మీద ఇంకొకరున్నారమ్మా. ఈవిడెవరు?" అంది.

అత్తమ్మ 2016 వేసవిలో పోయింది. మాలో ఎవరూ ఆ ఫారం నింపి ఇవ్వలేదు. మొదట్లో మరిచిపోయాం. తరువాత 2018లో, 2019లో, 2023లో వోటుకి వెళ్లినప్పుడల్లా ఏజెంటు జాబితాలో వేలుపెట్టి వెతుకుతుంటే నా పేరుకి పైన ఆవిడ పేరు కనిపించేది. "వీరు రాలేదా?" అనడిగితే "రారు" అని చెప్పేదాన్ని.

"పోయారమ్మా, మా అత్తగారు" అన్నాను.

"అయితే ఫారం 7 మీద సంతకం పెట్టండి. తీసేస్తాం. అక్కడ సంబంధం అన్నచోట కోడలు అని రాయండి."

రాశాను. పెన్ను తిరిగి ఇస్తూ, ఆ జాబితా కాగితం ఒకటి ఇస్తావా అనడిగాను. ఇవ్వకూడదంది. "కావాలంటే ఫోనులో ఫొటో తీసుకోండి, ఎవరికీ చెప్పకండి" అంది. తీసుకున్నాను. ఇంటి నంబరు, పేరు, భర్త పేరు, వయసు. జాబితా లెక్కన అత్తమ్మకి ఇప్పుడు 95 ఏళ్లు. ఫొటోలో మాత్రం ఆ ఎర్రంచు చీరే.